ఆ వైరు నేను బిగించిందే

మోస్రా పక్కన చెరకు తోటలో, కోతకు ఏ మడి ముందు ఇవ్వాలో చూసుకుంటూ తిరుగుతుండగా కబురు అందింది. బోధన్ నుంచి ఎరువు బస్తాలు వేసుకొచ్చిన లారీ డ్రైవరు కిందికి దిగకుండానే, కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు: "సారూ, మెకానిక్ అన్న పోయిండు." ఏ మెకానిక్ అని నేను అడగలేదు. బోధన్‌లో ఇప్పుడు మెకానిక్కులు వీధికొకరు ఉన్నారు. మెకానిక్ అన్న అంటే మాత్రం ఆయనొక్కడే. పొద్దున చాయి తాగి, దుకాణం తలుపు చెక్కలు ఒక్కొక్కటీ తీసి గోడకు ఆనిస్తూ, పని సగంలో ఉండగానే కింద కూర్చుండిపోయాడట. డాక్టరు వచ్చేసరికే అయిపోయిందట.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళకు లేని మంచి గుణాలన్నీ అంటగట్టడం మనకు అలవాటు. ఆ పని నేను చెయ్యను. చేస్తే ఆయనే లేచి వచ్చి తిడతాడు. ఆయన నెమ్మదస్తుడు కాదు. తక్కువ మాట్లాడే మనిషి అంతకన్నా కాదు. తన డప్పు తానే కొట్టుకునేవాడు, అదీ బజారు మొత్తానికి వినబడేట్టు. కానీ ఈ రోజు నేను మోటార్ సైకిల్ మీద చెరకు తోటలు తిరిగి నా ఇల్లు నడుపుకుంటున్నానంటే అది ఆయన చలవే. అది ఎట్లా జరిగిందో మీకు చెప్పాలనిపించి కూర్చున్నాను.

చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా చేరిన కొత్తలో నాకు ఆయన ఇంటి పక్కనే అద్దె గది దొరికింది. ముందు దుకాణం, వెనక ఇల్లు. రెండింటికీ మధ్య గడపలో వదిన బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. అక్కడ కూర్చుంటే పొయ్యి మీది కూరా కనబడుతుంది, దుకాణంలో మొగుడూ కనబడతాడు. రెండూ మాడిపోకుండా చూసుకోవాలి కదా అనేది. ఆయన పని చేస్తూ మాట్లాడుతుంటే ఆమె తల ఎత్తకుండానే జవాబు చెప్పేది. ఆమె వేళ్ళు తునికాకు మీద, చెవులు దుకాణంలో.

ఆయన పద్ధతులు ఆయనవి. బండి తెచ్చినవాడు రోగం చెప్పబోతే ఆపేసేవాడు. "నువ్ సెప్పకు. బండి సెప్తది" అని కిక్కు కొట్టి, కళ్ళు సగం మూసి వినేవాడు. బండికి యజమాని పేరు ఉండేది కాదు, ఊరి పేరే: వర్ని బండి, మోస్రా బండి. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. దానితో ఆయన రాయడం నేను ఎన్నడూ చూడలేదు, వీపు గోక్కోవడం మాత్రం చూశాను. చాయి వస్తే కప్పులో సగం తనకు ఉంచుకొని, సాసర్లో సగం ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు తోసేవాడు. ధర్మాబాద్ వైపు నుంచి వచ్చే వ్యాపారులతో మరాఠీలో బేరం ఆడి, వాళ్ళు అటు తిరగ్గానే మా వైపు చూసి కన్ను గీటేవాడు.

ఇక గొప్పలు. "నా సెయ్యి పడ్డ బండి మల్ల నన్ను అడగది" అన్నది ఆయనకు ఊపిరి లాంటి మాట. రోజుకు ఎన్నిసార్లు అనేవాడో లెక్క లేదు. వదిన మాత్రం "అడగది, నోరు లేదు గదా పాపం" అనేది. ఆయన ఉడుక్కునేవాడు కాదు. నవ్వితే అందరికన్నా ముందు తానే నవ్వేవాడు.

నా కథకు వస్తాను. చెరకు ఆడించే క్రషింగ్ మంచి జోరు మీద ఉన్న రోజుల్లో ఒకనాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరుస సరిచేస్తున్నాను. బరువు మించిపోయిన ఒక ఎడ్లబండికి కట్టిన మోకు తెగి, చెరకు మోపులు నా కుడి భుజం మీద పడ్డాయి. నిజామాబాద్ దవాఖానాలో ఎముక అతికింది. కట్టు విప్పాక చూస్తే చేయి మడిచి ఉంచితే బాగానే ఉంటుంది, పట్టూ ఉంటుంది. ముందుకు చాపితే మాత్రం సగం దూరం పోయి ఆగిపోతుంది. దాన్ని అంతకన్నా ముందుకు పంపడం నా వల్ల కాదు, డాక్టరు వల్లా కాలేదు.

ఫ్యాక్టరీ నాకిచ్చిన మోటార్ సైకిల్ హ్యాండిల్ కిందికి, ముందుకు ఉండేది. వంగి, చేతులు బారుగా చాపితేగాని అందదు. ఫీల్డ్‌మన్ అన్నవాడు తోటలు తిరగకపోతే వాడికి ఏం పని? ఏ ఊర్లో ఏ చెరకు పండింది, ఎవరికి ముందు కోత పర్మిట్ ఇవ్వాలి, ఇవన్నీ తిరిగి చూసి చెప్పడమే మా నౌకరి. మా కేన్ ఆఫీసర్ సారు చెడ్డవాడు కాదు. "బండి నడపగలిగితే ఫీల్డ్‌లో ఉండు. లేదంటే కాంటా దగ్గర కూర్చోబెడతాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. చెరకు బండ్లు తూచే కాంటా పని సీజన్ పని. క్రషింగ్ ఉన్నన్నాళ్ళే. మిల్లు ఆగిందంటే ఇంటికే. ఇంట్లో మా అవ్వ, నా భార్య, అప్పుడప్పుడే గోడ పట్టుకొని నిలబడుతున్న బిడ్డ. నాకు భూమి లేదు, వేరే పని రాదు. ఆ మాట విన్నాక గదికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మా అవ్వే పోయి మెకానిక్ అన్నతో చెప్పింది. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "లే తమ్మీ. సెయ్యి హ్యాండిల్ దాక పోకపోతే హ్యాండిల్‌నే సెయ్యి దాక తెస్త. గింత దానికి గోడకు మొకం పెట్టుడేంది?" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే నాకు కోపం వచ్చింది. తరవాత నవ్వూ వచ్చింది.

ఆ మరునాడు నన్ను బండి మీద కూర్చోబెట్టాడు. పాత హ్యాండిల్ అప్పటికే విప్పేసి ఉంది. ముందర ఏమీ లేకుండా బండి మీద కూర్చోవడం వింతగా ఉండింది. "కండ్లు మూసుకో. సడక్ మీద పోతున్న అనుకో. ఇగ సేతులు సాపు. బలిమి సెయ్యకు" అన్నాడు. నా చేతులు వాటంతటవే ఎక్కడ ఆగాయో అక్కడ గాలిలో ఒక వెదురు బద్ద అడ్డంగా పట్టి, దాని మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. మళ్ళీ దింపి, మళ్ళీ చాపించాడు. గీతలన్నీ ఒక్క చోటికే వచ్చేదాకా నన్ను వదల్లేదు. "బండి మనిషికి కుదరాలె. మనిషి బండికి కుదురుడేంది?" అన్నాడు. ఈ మాట నాకు ఇప్పటికీ చాలా చోట్ల గుర్తొస్తుంది, మోటార్ సైకిళ్ళతో సంబంధం లేని చోట్ల కూడా.

ఆ వెదురు బద్ద పట్టుకొని బస్సెక్కి నిజామాబాద్ పోయి, పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, ఎత్తుగా లేచి వెనక్కు వంగిన హ్యాండిల్ ఒకటి తెచ్చాడు. బిగించాడు. బ్రేకు పిడిని, క్లచ్ పిడిని నా మణికట్టు వంగకుండా అందేట్టు తిప్పి పెట్టాడు. అంతా బాగానే ఉంది. మిగిలింది వైర్లు. కుడి పిడి తిప్పితే ఇంజిన్‌కు పెట్రోలు పెంచే ఎక్సిలేటర్ వైరు, ఎడమ చేతి కింద క్లచ్ వైరు, కుడి చేతి కింద ముందు బ్రేకు వైరు. హ్యాండిల్ పైకి, వెనక్కి జరిగింది కాబట్టి మూడూ పొట్టివైపోయాయి.

ఆయన వాటిని పాత తోవ తప్పించి, ముందు లైటు వెనక నుంచి దగ్గర తోవన లాగాడు. అందాయి. టాంకు కింద ఒక చోట గట్టిగా కట్టేశాడు. గడపలో వదిన తల ఎత్తింది.

"గుంజినట్టున్నది గదా?"

"నీకేం తెల్సు? సరిపోతది."

"బీడీకి దారం తక్కువ పడితే నాకు తెల్వదా?"

"అయితే బీడీలు సుట్టు. బండి నేను సూస్త."

ఎక్సిలేటర్ తిప్పి చూశాడు, వదిలితే వెనక్కి వచ్చింది. క్లచ్ పట్టి చూశాడు. బ్రేకు పట్టి చక్రం తిప్పి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్ను వెనక కూర్చోబెట్టుకొని నిజామాబాద్ రోడ్డు మీద చాలా దూరం నడిపాడు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టి తాను వెనక కూర్చున్నాడు. నా చేయి నొప్పి లేకుండా పిడి మీద ఉంది. బ్రేకు అందుతోంది. గాలి మొహానికి కొడుతుంటే ఏడుపు వచ్చింది, వెనక ఆయన ఉన్నాడని ఆపుకున్నాను. "సూసినవా? నా సెయ్యి పడ్డ బండి" అని ఆయన మొదలుపెట్టాడు. ఆ రోజు ఆ మాట నాకు పాటలాగా వినబడింది.

ఆఫీసర్ సారు గేటు ముందు నడిపించి చూసి సరే అన్నాడు. నా పర్మిట్ల సంచి నా భుజానికి వచ్చింది. కానీ అది ఎన్నో రోజులు నిలవలేదు.

మోస్రా వైపు ఒక తోటలో చెరకు చూడడానికి పోయాం. నేను ముందు బండి మీద, సారు వెనక జీపులో. కాలువ గట్టు మీద తోవ, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చెరకు. తోట మొదట్లో బండి వెనక్కి మలపాలి. మాకు రోజూ ఉండే పనే. అంత సన్నని గట్టు మీద హ్యాండిల్ చివరిదాకా తిప్పితేగాని బండి తిరగదు. ఎడమకు పూర్తిగా తిప్పాను. అంతే, బండి ఒక్క అరుపు అరిచి ముందుకు దూకింది. నేనూ బండీ కాలువలో పడ్డాం. నీళ్ళు తక్కువ కాబట్టి బతికాను.

సారు పరుగున వచ్చి నన్ను లేపాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. "చేతికి పట్టు తప్పింది. నీకు తెలియకుండానే ఎక్సిలేటర్ తిప్పేశావు" అన్నాడు. ఆ తోట ముసలి రైతు గట్టు మీద నిలబడి, "గట్ల గాదు సారూ, ముందుగాల బండి ఒర్రింది, అటెన్క పోరడు పడ్డడు" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది నా చేతి తప్పే అని నేను కూడా నమ్మేశాను. చెడిపోయిన చేయి కదా, ఏం జరిగినా దాని మీదికే పోతుంది. "సోమవారం నుంచి కాంటా దగ్గరికి రా. ఇంకోసారి నీళ్ళు ఎక్కువున్న కాలువ కావచ్చు. ఆ పాపం నాకొద్దు" అన్నాడు సారు. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

బండిని ఎడ్లబండిలో వేసుకొని బోధన్ వచ్చాను. దుకాణం ముందు దింపి, "అన్నా, నా సెయ్యి ఇగ పనికి రాదు" అన్నాను. ఎప్పుడూ ఎదుటివాళ్ళను చెప్పనివ్వని మనిషి ఈసారి నన్ను చెప్పనిచ్చాడు. రైతు అన్న మాట కూడా చెప్పాను. అక్కడ ఆయన నన్ను ఆపాడు.

"ముందుగాల ఒర్రిందా? పడ్డంక ఒర్రిందా?"

"ముందుగాలనే అన్నడు."

"ఎటు మలిపినవ్?"

"ఎడమకు. మొత్తం."

బండి కడిగి, స్టాండు వేసి, ఎంత తన్నినా స్టార్టు కానిదాన్ని బతిమాలి స్టార్టు చేశాడు. ఇంజిన్ నెమ్మదిగా కొట్టుకుంటోంది. పిడిని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన హ్యాండిల్‌ను మధ్యలో పట్టి మెల్లగా ఎడమకు తిప్పాడు. సగం దాకా ఏమీ లేదు. చివరికి పోతుండగా ఇంజిన్ గుర్రుమంది. ఇంకొంచెం తిప్పితే దుకాణం దద్దరిల్లేట్టు అరిచింది. నిటారుగా తెచ్చాడు, మళ్ళీ శాంతంగా అయిపోయింది. వదిన చేతిలో తునికాకు అట్లాగే ఆగిపోయింది. ఆయన ఇంజిన్ బంద్ చేసి కింద కూర్చున్నాడు.

"నీ సెయ్యి గాదు తమ్మీ. నా వైరు" అన్నాడు.

తనతో తాను అన్నట్టు చెప్పాడు. "సడక్ మీద నడిపి సూసిన. సడక్ మీద ఎవడన్న హ్యాండిల్ గింత మలుపుతడా? నువ్ సెరుకు తోటల తిరిగేటోనివి. గట్టు మీద మలుపుకుంటనే నీ బతుకు. గది నా మతికే రాలే." హ్యాండిల్ ఎడమకు తిప్పితే కుడి పిడి ఇంజిన్‌కు దూరం జరుగుతుంది. బిగుతుగా కట్టిన పొట్టి వైరు అంత దూరం పోలేక లోపలి తీగను లాగుతుంది. ఎవరూ తిప్పకుండానే పెట్రోలు పెరుగుతుంది. అది తెలియని మనిషి కాదాయన. రోడ్డు మీది బండికి చేసినట్టు తోట బండికి చేశాడు, అంతే.

నేను చెప్పాను కదా అనడానికి వదినకు అంతకన్నా మంచి రోజు దొరకదు. ఆమె మాత్రం లేచి పోయి నాకు పొడి తువ్వాల తెచ్చి ఇచ్చింది.

ఆయన వెంటనే నిజామాబాద్ బస్సెక్కి, పొద్దు గుంకేలోపు పొడుగాటి తీగా, పై తొడుగూ చుట్టలుగా తెచ్చాడు. ఆ రోజుల్లో ఎత్తు హ్యాండిల్‌కు సరిపడే వైర్లు తయారుగా ఎక్కడ దొరికేవి? కావలసిన పొడుగుకు కోసి, వదిన కుంపటి మీద సీసం కరిగించి, తీగ కొసలు జారిపోకుండా వాటికి గుండ్లు పోశాడు. "అన్నం వండే కుంపటి అది" అని ఆమె అరుస్తుంటే "తోమి ఇస్త, తోమి ఇస్త" అంటూనే పోశాడు. నా చేత తీగ పట్టించి ఒక్కొక్క మాట చెప్పాడు. ఎక్సిలేటర్ వైరు టాంకు కింద బిగుతుగా కట్టకూడదు, ఒక వంపు వదిలిపెట్టాలి. ముందు బ్రేకు వైరు గుంతలో చక్రం లేచినప్పుడు దాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు తగులుకోకూడదు. దాన్ని చూడడానికి తన బరువంతా ముందు భాగం మీద వేసి ఎగిరెగిరి ఊపాడు. క్లచ్ పిడి దగ్గర రూపాయి బిళ్ళ దూరేంత వదులు ఉండాలి, అది హ్యాండిల్ ఎటు తిప్పినా తగ్గకూడదు. బ్రేకు వదిలితే చక్రం అడ్డం లేకుండా తిరగాలి. చివరికి ఇంజిన్ నడుస్తుండగా ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పాడు. శబ్దం పెరగలేదు, తగ్గలేదు.

"ఇగ నేను వోయి సార్‌ను బతిమాలుకుంట" అన్నాను.

"నువ్ సెప్తే ఇంటడా? నౌకరి కోసం నీ సెయ్యి మంచిగున్నదంటున్నవ్ అనుకుంటడు. నేను సెప్త."

వదిన గడపలోంచి అడిగింది. "ఆడ ఫీల్డ్‌మన్లంత ఉంటరు. అందరి ముందట సెప్తవా? మన దుకాణానికి వచ్చేటియన్నీ ఆళ్ళ బండ్లే."

"అందరి ముందట్నే సెప్పాలె. సెయ్యి పోయిందని అందరి ముందట్నే గదా అన్నరు."

మరునాడు పొద్దున వదినే ఉతికిన అంగీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ అంగీ పెండ్లిళ్ళకు తప్ప బయటికి వచ్చేది కాదు.

ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. సారు చుట్టూ ఫీల్డ్‌మన్లు పర్మిట్ల కోసం మూగి ఉన్నారు. మెకానిక్ అన్న నేరుగా మధ్యలోకి నడిచాడు. తప్పు ఒప్పుకునేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఈయనకు అది తెలియదు. గొప్పలు చెప్పుకునే గొంతుతోనే, అంతే జోరుగా చెప్పాడు.

"సారూ, జెర ఇనుర్రి. ఈ పోరని సెయ్యికి ఏం గాలే. గా కాలువల పడ్డది నా వల్ల. హ్యాండిల్ మార్సిన, వైరు పొడుగు మార్సలే. ఎడమకు మలిపితే వైరు గుంజి ఇంజిన్ ఒర్రింది. ఆ వైరు నేను బిగించిందే. ఇంకోని మీద ఎయ్యనీకి లేదు."

ఒక ఫీల్డ్‌మన్ నవ్వాడు. "ఏందన్నా, నీ సెయ్యి పడ్డ బండి అడగదంటివి?"

"అడిగింది. అడిగితే జవాబు సెప్పొద్దా మరి?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు, కానీ ఈసారి ఆయన నవ్వలేదు.

సారు బండి చుట్టూ తిరిగి చూశాడు. స్టార్టు చేయించి, హ్యాండిల్ తానే పట్టుకొని ఇటూ అటూ తిప్పి విన్నాడు. తరవాత మెకానిక్ అన్న వైపు చూసి, "ఇప్పుడు బాగుందని నీకు నమ్మకమేనా?" అని అడిగాడు. ఈయన నన్ను బండి ఎక్కించి, తాను నా వెనక సీటు మీద కూర్చున్నాడు. సారుకు అర్థమైంది. యార్డు వెనక నీళ్ళు పారే కాలువ ఉంది, దాని గట్టు చూపించాడు.

ఆ గట్టు మీదికి నేను ఎట్లా పోయానో నాకే తెలుసు. అందరూ చూస్తున్నారు. ఒకవేళ ఇది నిజంగా నా చేయే అయితే? నాతో పాటు ఆయన కూడా నీళ్ళలో పడతాడు, ఆ పెండ్లి అంగీతో సహా. గట్టు చివర బండి నెమ్మది చేశాను. వెనక నుంచి ఆయన గొంతు, మొదటిసారి మెల్లగా వినబడింది. "మలుపు తమ్మీ. మొత్తం మలుపు." ఎడమకు చివరిదాకా తిప్పాను. ఇంజిన్ అట్లాగే కొట్టుకుంటూ ఉంది. బండి గట్టు మీదే బొంగరంలా తిరిగి మొహం ఇటు పెట్టింది. మేం తిరిగి వచ్చేసరికి సారు నా పర్మిట్ల సంచి చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు.

ఆ సంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, రెండుసార్లు తోలు మార్పించాను. కానీ ఆ రోజు ఆయన పోగొట్టుకున్నది ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే నేను మనిషిని కాను. ఆ సీజన్ అంతా సగం మంది ఫీల్డ్‌మన్లు బండ్లను నిజామాబాద్ తీసుకుపోయారు. బజారులో పిల్లలు కూడా "పొట్టి వైరు" అని ఆయనను పిలిచారు. దుకాణం ముందు ఎండలో ఒక్క బండీ లేకుండా ఆయన కూర్చున్న రోజులు నేను చూశాను. నాతో మాత్రం ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. తరవాత, నిజామాబాద్ పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. తప్పు జరిగితే దాచడని తెలిసిన మెకానిక్కును వదులుకొని ఎక్కడికి పోతారు?

తిరిగి వచ్చినవాళ్ళకు ఆయన ఒక కొత్త ఖాయిదా పెట్టాడు. ఏ పని మీద వచ్చిన బండి అయినా సరే, చివరికి చక్రానికి గాలి కొట్టించుకోవడానికి వచ్చినా సరే, దుకాణం ముందు స్టార్టు చేసి హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి వినిపించిగాని కదలనిచ్చేవాడు కాదు. "గాలి కొట్టిన దానికి హ్యాండిల్ ఎందుకన్నా?" అంటే "మలుపుతవా, గాలి తియ్యమంటవా?" అనేవాడు. మాకందరికీ అది నిద్రలేచి మొహం కడుక్కున్నట్టు అలవాటైపోయింది. ఏళ్ళ తరబడి ఆ చప్పుళ్ళన్నీ గడపలో కూర్చున్న వదిన చెవుల మీదుగానే పోయాయి.

కబురు విన్న రోజు నేను మోస్రా నుంచి తిన్నగా వచ్చాను. చుట్టుపక్కల ఊర్ల నుంచి ఫీల్డ్‌మన్లు, రైతులు, మరాఠీ వ్యాపారులు వచ్చారు. ఆఫీసర్ సారు రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నాడు, ఆయనా వచ్చాడు. అంతా అయ్యాక స్నానాలు చేసి, ఇంటికి వచ్చి దీపం చూసి, ఒక్కొక్కరం బయటికి వచ్చాం. వాకిలి కడిగిన నీళ్ళు ఇంకా ఆరలేదు. వదిన లోపల, ఆడవాళ్ళ మధ్య గోడకు ఆనుకొని కూర్చుంది. పొద్దున్నుంచి ఒక్క మాట మాట్లాడలేదని చెప్పారు. పిలిచినా పలకలేదట.

బయట బండ్లు స్టార్టు చేస్తున్నారు. చేసినవాళ్ళు చేసినట్టే హ్యాండిల్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పి కదులుతున్నారు. ఆ బండ్లలో ఒకటి, ఈ మధ్యే చేరిన కుర్ర ఫీల్డ్‌మన్‌ది, ఎడమకు తిరిగినప్పుడు కొంచెం గొంతు పెంచింది. అంత మందిలో, అన్ని చప్పుళ్ళలో మాకెవరికీ అది తెలియలేదు.

లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది. "ఎవల్దది? ఆగుమను."

అందరం బండ్లు బంద్ చేశాం. ఆ కుర్రవాడొక్కడి ఇంజిన్ నడుస్తోంది. "నాదే పెద్దమ్మా" అన్నాడు బెదురుగా.

"ఎడమకు గుంజుతున్నది. గట్ల పోకు బిడ్డా."

నేను తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చొని టాంకు కింద చేయి పెట్టాను. ఎవరో వైరును పురికొసతో ఫ్రేముకు గట్టిగా కట్టేశారు. విప్పి, వైరుకు వంపు వచ్చేట్టు వదిలాను. "మలుపు" అన్నాను. కుర్రవాడు ఎడమకు పూర్తిగా తిప్పాడు, కుడికి తిప్పాడు, మళ్ళీ ఎడమకు తిప్పాడు. మేమందరం తలుపు వైపు చూస్తున్నాం.

"ఆఁ. ఇగ పో" అంది వదిన.